సరళ రాసిన ఆఖరి ఎపిసోడ్

నిన్న ఉదయం సామర్లకోటలో ఆఫీసులో ఉండగా పక్కింటి మామ్మగారు ఫోన్ చేశారు.

"బాబూ, సరళ పలకట్లేదు. ఒకసారి వచ్చెయ్యి."

నిద్రపోతోందేమో, మళ్ళీ పిలవండి అన్నాను.

ఆవిడ మళ్ళీ "వచ్చెయ్యి బాబూ" అనే అన్నారు. అప్పుడు అర్థమైంది.

ఇది సరళ అకౌంట్. రాస్తున్నది నేను, ఆమె భర్తను. గుండె ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక కోలుకుంటోందనే అనుకున్నాం. డాక్టర్లూ అలాగే అన్నారు. నిన్న సాయంత్రం కాకినాడలోనే అంత్యక్రియలు అయిపోయాయి.

ఈ గ్రూపులో చాలామందిని సరళ ఎప్పుడూ కలవలేదు. కానీ కొరియన్ సీరియల్స్ గురించి మీరు రాసుకునేవన్నీ నేను భోజనాల దగ్గర వినేవాడిని. ఎవరికి సెకండ్ హీరో అంటే ప్రాణమో, ఎవరు ఏడుపు సీన్లు ఫార్వర్డ్ చేసేస్తారో, ఎవరు సబ్‌టైటిల్స్ అందక ప్రతి సీనూ ఆపి ఆపి చూస్తారో నాకు తెలుసు.

ఓడలో పనిచేసే మా బావమరిది డిస్కులు తెచ్చేవాడు. కవరు చింపగానే సరళ ఆఖరి డిస్కు పెట్టేది. ముగింపు చూశాకే మొదటి ఎపిసోడ్.

చివర తెలిసిపోతే ఇంక చూడ్డానికేం ఉంటుంది అని ఒకసారి అడిగాను.

"వీళ్ళు బతుకుతారని తెలిస్తే మధ్యలో ఎన్ని కష్టాలొచ్చినా చూడగలనండి. లేకపోతే నాకు అన్నం సయించదు" అంది.

అందుకే కొత్త సీరియల్ మాట వస్తే సుఖాంతమా కాదా అని మీరు ఆమెనే అడిగేవారు. ఆమె చెప్పింది ఎప్పుడూ తప్పలేదు.

మీలో రాజమండ్రి పద్మగారు ఆమెకు బాగా దగ్గర. ఆవిడకు ముగింపు ముందే చెబితే కోపం. ఇద్దరూ దాని మీదే పోట్లాడుకునేవారు, దాని మీదే స్నేహితులయ్యారు.

ఒకసారి పద్మగారు వస్తే ముగ్గురం ద్రాక్షారామం వెళ్ళాం. తిరుగు బస్సులో వీళ్ళిద్దరూ ఒక సీట్లో.

"ఎంత కోటీశ్వరురాలైతే మాత్రం, పిల్ల మొహాన గ్లాసుడు నీళ్ళు కొట్టేస్తుందా?" అంటోంది సరళ.

"కొట్టి ఊరుకుందా? డబ్బులిచ్చి మా అబ్బాయిని వదిలెయ్యమంది. అది చెప్పవేం?" అన్నారు పద్మగారు.

ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగింది. "ఏ ఊరమ్మా ఆ పిల్లది? పెద్దమనుషుల్లో పెట్టలేదా?"

"సియోల్ అండి" అంది సరళ, తడుముకోకుండా. "అక్కడ పెద్దమనుషులంతా ఆవిడ పక్కేనండి."

కాకినాడ వచ్చేదాకా ఆవిడ కథంతా చెప్పించుకుంది. దిగేముందు, "ఇంతకీ పెళ్ళవుద్దా, అవ్వదా? అది చెప్పు" అంది. సరళ చెప్పబోతే పద్మగారు రెండు చెవులూ మూసుకున్నారు.

అంత దగ్గరవాళ్ళు. వాళ్ళ మధ్య మాటలు ఎందుకు ఆగిపోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆపరేషన్ తర్వాత సరళ ఎక్కువసేపు టీవీ చూడలేకపోయేది. అప్పుడే కొత్త సీరియల్ వచ్చింది. గుండెజబ్బు ఉన్న అమ్మాయి కథ.

"ఏవండీ, ఆఖరిది మీరు చూసి చెప్పండి. ఆ పిల్ల బతికితేనే నేను మొదలెడతాను."

పక్కగదిలో ఒక్కడినే కూర్చుని చూశాను. ఆ అమ్మాయి చనిపోయింది.

బయటికి వచ్చి, బతికింది అన్నాను. ఆపరేషన్ సక్సెస్ అయింది, పెళ్ళి చేసుకున్నారు అన్నాను. పెళ్ళి రోజు వాన పడిందని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

సరళ అదే ఇక్కడ రాసింది. వానతో సహా.

పద్మగారు అప్పటికే అంతా చూసేశారు. ముగింపు గురించి ఎప్పుడూ నోరు విప్పని మనిషి, మిగతావాళ్ళు నమ్మి చూస్తారని ఆగలేక రాశారు. అలా జరగదు, ఆ అమ్మాయి చనిపోతుంది, చూడకుండా రాయకు అని.

సరళ జవాబు మీరంతా చదివారు. "మా ఆయన చూశారు. ఆయనకు కథలు కల్పించడం రాదు. నా మాటే నెగ్గాలనే పంతం నీకు ఎప్పుడూ ఉంది."

పద్మగారు గ్రూపులో రాయడం మానేశారు. ఫోన్లు కూడా ఆగిపోయాయి.

నేను చూస్తూ ఊరుకున్నాను. ఒంట్లో కాస్త బాగయ్యాక సరళకు చెబుదామనుకున్నాను.

నిన్న ఉదయం నేను బయల్దేరుతుంటే తనే అడిగింది.

"నిజం చెప్పండి. పద్మ అన్నదే నిజమా? అయితే ఇప్పుడే దానికి ఫోన్ చేస్తాను."

కాదు అన్నాను. నిజం చెప్పేస్తే ఆ అమ్మాయి గురించి ఆలోచిస్తూ ఇంట్లో ఒక్కతే ఉంటుందని భయం వేసింది. బస్సుకు టైమ్ కూడా అయింది.

"సరే, అయితే దాన్నే చెయ్యనివ్వండి" అంది.

నాతో ఆమె అన్న ఆఖరి మాట అది.

మధ్యాహ్నం పద్మగారు వచ్చారు. సరళ కాళ్ళ దగ్గర కూర్చుని, "అన్నయ్యగారూ, ఒంట్లో బాగోని మనిషితో వాదన పెట్టుకున్నానండి. ఎంత బాధపడిందో" అన్నారు.

మీ తప్పేమీ లేదని చెప్పడానికి ఒక్క మాట చాలు. చుట్టూ అందరూ ఉన్నారు. తల వంచుకుని నిలబడ్డాను. అప్పుడు కూడా చెప్పలేదు.

అందుకే మీరంతా ఆ గొడవ చదివిన చోటే ఇప్పుడు రాస్తున్నాను.

పద్మగారూ, మీరు రాసిందే నిజం. సరళ చూడకుండా రాసింది నన్ను నమ్మి. కల్పించింది నేను.

సరళ మీ మీద కోపం ఉంచుకుని పోలేదు. మీకు ఫోన్ చేయడానికి సాకు వెతుక్కుంది. ఆ సాకు నా చేతిలోనే ఉంది. ఇవ్వలేదు.

క్షమించమని అడగడం లేదు. ఆమెను తప్పుగా అనుకోకండి, అంతే.

సరళా, పద్మగారికి చెప్పాను. నీకు చెప్పలేకపోయాను.

వెళ్ళిరా. నీ మనసు ఇకనైనా శాంతించాలి.