మందు పెట్టిన పూలు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాట. 'మందు పెట్టింది' అన్నాను, అదీ ఆరేళ్ల బిడ్డ వింటుండగా.

ఎనభైలలో తమిళనాడు ధర్మపురిలో చింతపండు మండీలో పని చేసేవాణ్ణి. సాయంత్రం బస్టాండు దగ్గర కమ్మర్‌కట్టు మిఠాయి కొని ఇంటికి వచ్చేసరికి నా కూతురు ఎదురింట్లో ఉండేది. అక్కడ ఒంటరిగా ఉండే అరవ పెద్దామె వాకిట్లో నూరువరహాల పొద ఉంది. ఎర్రటి గుత్తి నుంచి ఒక పువ్వు తెంపి, కాడ అడుగున గిల్లి, లోపలి దారాన్ని మెల్లగా లాగితే చివర తేనెబొట్టు నిలుస్తుంది. బిడ్డ దాన్ని నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేది. నా మిఠాయికి ఏనాడూ కళ్లు మూసుకోలేదు. పైగా మా అమ్మ నేర్పిన నూరువరహాలు అన్న మాట పోయి, ఇంట్లో కూడా ఆమె అరవ మాటలో 'ఇడ్లీపూ' అనసాగింది. విన్నప్పుడల్లా ఆ ముసలామె చుక్క తేనెతో నా బిడ్డను లాక్కుంటోందనిపించేది.

ఆ సాయంత్రం ఎంత పిలిచినా రాలేదు. చివరికి వచ్చాక నా భార్యతో అన్నాను: "ఆ ముసలామె దీనికి మందు పెట్టింది. లేకుంటే ఇట్లా వెంట తిరుగుతుందా?"

"నోరు కడుక్కో," అన్నది నా భార్య. "ఒంటిగా ఉండే మనిషి. వీధిలో ఎవరైనా వింటే ఆమె గతేమి?"

మరులుమందు పెడుతుందన్న పేరు వస్తే ఆమె చేతి నీళ్లు కూడా ఎవరూ తాగరు. తెలిసే అన్నాను. బిడ్డకు మాత్రం మందంటే చేనికి కొట్టే పురుగుమందు. పరుగున పోయి, ఆమె గేటు దగ్గర నిలబడి, నలుగురూ వినేలా ఆ అవ్వకు అరవంలో చెప్పేసింది: "పాటీ, పూలల్లో మందు పెట్టినావంట. మా నాయన చెప్పినాడు. నువ్వు తాగొద్దు, సచ్చిపోతావు."

పెద్దామె మా గుమ్మం వైపు చూసింది. బిడ్డ తల నిమిరి, "ఇంటికి పో తల్లీ" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. బోరింగు దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ బిందెలు నిండకముందే వీధి దాటాను. తలుపు తట్టి, అందరికీ వినబడేలా అన్నాను: "అమ్మా, పూలల్లో ఏ మందూ లేదు. ఆ మాట నాది, మీ మీద కుళ్లుతో అన్నాను. మీ చేత్తో నాకొక పువ్వు ఇయ్యండి."

ఆమె తలుపు తెరిచింది. "మందుంటేనో?"

"ఉంటే, నా బిడ్డ మాదిరే నేనూ మీ వాకిట్లో పడుంటాను."

బోరింగు దగ్గర ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు గానీ, ఒక గుత్తి తెంపి చేతికిచ్చింది. గబగబా లాగాను, దారం తెగింది.

"మెల్లగా నాయనా," అన్నది నా కూతురు. "ఇడ్లీపూను అట్ల లాగకూడదు."

ఆ మాటను దిద్దలేదు. ఇంకో పువ్వు తీసి, మెల్లగా లాగి, అందరి ముందూ ఆ చుక్కను నాలుక మీద పెట్టుకున్నాను.