హోల్డాన్ అంటే ఆగాలి

నా నోరు మంచిది కాదని మా వార్డులో నేల తుడిచే ఆయమ్మ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు గారి దాకా అందరికీ తెలుసు. అలాంటి నన్ను ఏరికోరి హిప్నోసిస్ శిక్షణకు పంపారు. పిల్లలకు సూదులూ కట్లూ వేసేటప్పుడు మాటలతో వాళ్ల మనసు మళ్లించి, బాధ తగ్గించే పద్ధతి అది. "ఈవిడ హిప్నటైజ్ చేయడమేంటండీ బాబూ, ఒక్క అరుపు అరిస్తే పిల్లలే స్పృహ తప్పుతారు" అని తోటి సిస్టర్లు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఒళ్లు మండింది.

తీరా వెళ్లి చూస్తే అందులో గారడీ ఏమీ లేదు. గొలుసులు ఊపడాలూ, కళ్లలోకి గుచ్చిచూడటాలూ లేవు. పిల్ల నిద్ర కూడా పోదు. తనకు ఇష్టమైన చోటికి మనసులో తనే బయల్దేరుతుంది, మనం మాటలతో తోడు నడుస్తాం. అక్కడ మునిగిపోయిన పిల్లకు ఇక్కడ మన చేతులు చేసే పని దూరంగా జరుగుతున్నట్టుంటుంది. మందు మానేయం, మందుకు మాట సాయం వస్తుందంతే. నాకు కష్టమైందల్లా కొన్ని మాటలు మానేయడం. "నొప్పి లేదు" అన్నా పిల్ల చెవిన పడేది నొప్పే కాబట్టి ఆ మాట అనకూడదు. "భయపడకు" అనకూడదు. వీటికి నేను ఇంకో మాట చేర్చుకున్నాను. అది "అయిపోయింది". మనవాళ్లు సూది బయటికి తీయకముందే అందుకుంటారు, "అయిపోయింది, అయిపోయింది, అయిపోయిందమ్మా" అని. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ అది అబద్ధమని పిల్లకు ఇట్టే తెలిసిపోతుంది, ఆ తర్వాత నిజంగా అయిపోయినా నమ్మదు.

ఆ పాప మైలవరం వైపు నుంచి వచ్చింది. రెండో తరగతి. వాళ్ల నానమ్మ అన్నం వారుస్తుంటే వెనక నుంచి పరిగెత్తుకొచ్చి తగిలింది. వేడివేడి గంజి మోకాలి వెనక నుంచి పిక్క దాకా ఒలికిపోయింది. తల్లి ఇంటి దగ్గర పచ్చి బాలింత కాబట్టి ఆస్పత్రిలో తోడున్నది ఆ నానమ్మే. కట్టు మార్చిన ప్రతిసారీ నలుగురం పట్టుకోవాల్సి వచ్చేది. పాప గుక్క తిప్పుకోకుండా ఏడ్చేది, పెద్దావిడ తల నిమురుతూ "అయిపోయిందమ్మా, అయిపోయింది" అనేది. పాప కాలు ముడుచుకుని, ఎవరు ముట్టుకున్నా చాచడం మానేసింది.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. "ఇలాగే వదిలేస్తే చర్మం ముడుచుకుపోయి మానుతుంది సిస్టర్. ఇక కాలు చాచలేదు" అన్నాడు మా కుర్ర డాక్టరు. ఆ రోజు చచ్చిన చర్మం తీసేసి, కాలు చాపి, మళ్లీ ముడవకుండా వెనక బద్ద పెట్టి కట్టాలి. మత్తిచ్చి చేద్దామనుకుంటే పాపకు జలుబు చేసి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మత్తు డాక్టరు గారు "ఇవాళ నావల్ల కాదు" అనేశారు. వాయిదా వేస్తే కాలు ఇంకా బిగుస్తుంది. పట్టుకుని బలవంతంగా చాపితే పుండు చిరుగుతుంది. అందరూ నా వంక చూశారు.

"హిప్నటైజా? అంటే వశీకరణమా సిస్టరమ్మా? పిల్లకేమీ కాదుగా?" అని పెద్దావిడ బెదిరిపోయింది.

"నాకే ఆ విద్య వస్తే ముందు మా ఆయన్ని వశం చేసుకునేదాన్నిగా మామ్మగారూ" అన్నాను. ఆవిడ నవ్వలేదు గానీ, నొప్పి మందు కూడా ఇస్తామన్నాక సరేనంది.

పాపతో మాట కలపడం అంత తేలిగ్గా కాలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. మా ఇల్లు భవానీపురంలో అని మాటవరసకు అన్నాక మొదటిసారి ఇటు తిరిగింది. "మా బస్సు అక్కడ ఆగుద్ది. కండక్టర్ హోల్డాన్ అంటాడు" అంది. ఇంట్లో కుర్చీలన్నీ వరసగా వేసుకుని రోజూ కండక్టర్ ఆటేనట. హమ్మయ్య అనుకున్నాను.

అక్కడికక్కడే ఒప్పందం చేసుకున్నాం. బస్సు మైలవరంలో బయల్దేరుతుంది, కట్టు పూర్తయ్యేసరికి బస్టాండ్ చేరుతుంది. కండక్టర్ తను, డ్రైవర్ని నేను. తను "రైట్ రైట్" అంటేనే నా చేతులు కదులుతాయి. "హోల్డాన్" అంటే ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

"కట్టు సగం విప్పాక ఆపమంటే ఆపుతారా?" అన్నాడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి.

"ఆపుతానండీ."

"మళ్లీ మొదలెట్టనివ్వకపోతే?"

అప్పుడు చూద్దాం అనేసి పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడకు గట్టిగా చెప్పాను. "మామ్మగారూ, మీకు దణ్ణం పెడతాను. నేను చెప్పేదాకా అయిపోయింది అనే మాట మీ నోట రాకూడదు." ఆవిడ మనవరాలి తల మీద ఒట్టేసింది.

నొప్పి మందు ఎక్కించి, అది పనిచేసేదాకా ఆగి మొదలుపెట్టాం. పాప కళ్లు మూసుకుంది. కిటికీ పక్క సీటు, ముఖానికి తగిలే గాలి, మామిడి తోటలు, ఎవరో తెచ్చిన జామపళ్ల బుట్ట వాసన. అన్నీ నేనడిగాను, తనే చెప్పింది. నా గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకే తెలియదు. "రైట్... రైట్" అంది. సెలైన్‌తో తడుపుతూ గాజుగుడ్డ పొరలు ఒక్కొక్కటే తీశాం. కొండూరు దాటాం. కొండపల్లి దాటాం. పాప పెదవులు కదులుతున్నాయి, టికెట్లు కొడుతోంది. మోకాలు తనంతట తనే కాస్త వదులైంది. డాక్టరు కళ్లలో ఆశ్చర్యం కనిపించింది.

ఇబ్రహీంపట్నం దగ్గర, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తున్నాయని పాప చెబుతుండగా, మోకాలి మడతలో గాజుగుడ్డ అంటుకుపోయింది. పాప ఊపిరి ఒక్క క్షణం ఆగింది. అంతే, తలవైపు నిలబడ్డ పెద్దావిడ ఉండబట్టలేక "అయిపోయిందమ్మా! అయిపోయింది, దిగిపోదాం!" అనేసింది.

పాప కళ్లు తెరిచి నేరుగా కాలి వైపు చూసింది. ఎర్రటి పుండు, సగం వేలాడుతున్న గుడ్డ.

"అయిపోలేదు! హోల్డాన్! హోల్డాన్!"

నా చేతులు ఆగిపోయాయి.

"ఇంకొంచెమే సిస్టర్, పట్టుకోండి, తీసేద్దాం" అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ పెద్దావిడను నాలుగు దులిపేయాలని మాట గొంతు దాకా వచ్చింది. తలెత్తి చూస్తే ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. "నా చేత్తోనే కదమ్మా కాల్చుకుంది... ఇంకేం చెప్పను దానికి" అని గొణిగింది. వచ్చిన మాటను మింగేశాను. నేను అరిస్తే ఆ బస్సు ఇక కదలదు.

ఆగాం. ఎవరూ ముట్టుకోలేదు. పాప వెక్కుతోంది, మోకాలు మళ్లీ కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది.

"ఇంకా ఎంత దూరం?" అంది చివరికి, నన్నే చూస్తూ.

దగ్గరికొచ్చేశాం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "ఇబ్రహీంపట్నంలో ఉన్నాం కండక్టర్ గారూ. గొల్లపూడి రావాలి, భవానీపురం రావాలి, ఆ తర్వాత బస్టాండ్. ఇంకా చాలా ఉంది బంగారం."

డాక్టరు తల పట్టుకున్నాడు. పాప మాత్రం నా ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నానమ్మ వైపు తిరిగి, "నువ్వు టికెట్ తీసుకోలేదు. కూర్చో" అంది. పెద్దావిడ స్టూలు మీద కూలబడి, చెయ్యి చాపింది. పాప ఆ అరచేతిలో లేని టికెట్ పెట్టి, కళ్లు మూసుకుంది.

"రైట్... రైట్."

గొల్లపూడి దాటేటప్పుడు మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి గానీ బస్సు ఆపలేదు. చచ్చిన చర్మమంతా వచ్చింది. ఇక కాలు చాపాలి. నేను మడమ కింద చెయ్యి పెట్టానో లేదో, "హోల్డాన్!" అంది. ప్రాణాలు పోయాయి నాకు.

"భవానీపురం. మీరు దిగాలి కదా" అంది.

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఇవాళ నేను బస్టాండ్ దాకా వస్తానండీ" అన్నాను.

"అయితే రైట్."

బస్సు పోతున్నకొద్దీ కాలు కొంచెం కొంచెంగా చాపుకుంది. ఎవరూ లాగలేదు. డాక్టరు వెనక బద్ద పెట్టి కట్టు చుట్టాడు, చివర ప్లాస్టర్ అంటించాడు. పాప కళ్లు తెరిచి, మంచం మీద తిన్నగా ఉన్న తన కాలిని చూసుకుంది.

"నానమ్మా, ఇప్పుడు చెప్పు" అంది.

పెద్దావిడ భయంగా నా వంక చూసింది. నేను తల ఊపాను. ఆవిడ స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.

"చెప్పు."

"అయిపోయిందమ్మా" అంది పెద్దావిడ.

పాప కాలి వైపు ఇంకోసారి చూసుకుని, "నిజమే" అంది.