తినొస్త సార్

జూన్ మొదటివారం. మిట్టమధ్యాహ్నం. ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగాను. చేతిలో నల్ల ట్రంకు పెట్టె, భుజాన బ్యాగు. వాన ఇంకా పడలేదు. గాలి నిండా దుమ్ము. షేర్ ఆటో డ్రైవర్ నా పెట్టె ఎత్తబోయి, దాని మీద తెల్లరంగుతో రాసిన 'కెప్టెన్' అన్న మాట చదివాడు.

"మిలిట్రీల జేస్తరా మేడమ్?"

"చేసిన. అయిపోయింది."

"మరి ఇప్పుడేడికి?"

"నాచారం. దవాఖానాల డ్యూటీ."

"అయితే ఇగ ఆరామే," అన్నాడు.

నేనూ అలాగే అనుకున్నాను.

సరిహద్దులో ఎలా ఉండేదో చెప్పమని అందరూ అడుగుతారు. దాని గురించి చెప్పడానికి నాకన్నా బాగా తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఐదేళ్లు ఒక పదాతిదళానికి డాక్టరుగా పనిచేశాను. మంచులో ఉన్నాను, గుడారాల్లో పడుకున్నాను. కానీ నా కష్టమైన పోస్టింగ్ అది కాదు. నాచారంలో జనరల్ మెడిసిన్ పీజీ చేసిన మూడేళ్లు. చెప్పాల్సింది దాని గురించే.

ఆ ప్రాంతం ఇలా ఉంటుంది. ఆరంతస్తుల ప్రైవేటు ఆస్పత్రి. వెనక వరసగా ఫ్యాక్టరీ షెడ్లు. పక్క సందులో బిస్కెట్లు తయారయ్యే చోటు ఒకటి. రోజూ పదకొండింటికి వేడి బిస్కెట్ల వాసన ఐదో అంతస్తు కిటికీల్లోంచి లోపలికి వచ్చేది. ఐదో అంతస్తు మా వార్డు. టెర్రస్ ఎక్కితే మౌలాలి గుట్ట కనిపిస్తుంది. గుట్టకు ఎడమవైపు, ఆ ఇళ్ల గుంపులో ఎక్కడో మల్కాజిగిరిలోని మా ఇల్లు. నాన్నది రైల్వే ఉద్యోగం. మంచుకొండల్లో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా?" అంటే నిజమే చెప్పేదాన్ని. ఇంటికి ఇంత దగ్గర్లో, ఆస్పత్రి హాస్టల్లో చేరాక అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను.

మొదటి రోజే ఆర్డర్ వచ్చింది. ఇచ్చింది మా యూనిట్ చీఫ్. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చెడని తెల్లకోటు. జబ్బు పట్టుకోవడంలో ఆయన్ని మించినవాళ్లని నేను చూడలేదు. అది ఒప్పుకుంటాను. ఆయన ఆర్డర్ ఇది: రౌండ్స్ ముగిసేదాకా వార్డు వదలకూడదు. నీళ్లు, టీ, తిండి అన్నీ తరవాతే.

రౌండ్స్ ఉదయం ఎనిమిదింటికి మొదలయ్యేవి. నాలుగింటిదాకా సాగేవి. అప్పటికి కింద ఎమర్జెన్సీలో కొత్త పేషంట్లు ఎదురుచూస్తుండేవారు.

సైన్యంలో ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉంటుంది. నీ జోడీని నువ్వు చూసుకోవాలి, నిన్ను నీ జోడీ చూసుకోవాలి. ఇక్కడ ఎవరూ కేటాయించకపోయినా నాకో జోడీ దొరికింది. నాతోపాటు చేరిన జనగామ అమ్మాయి, నాకన్నా ఐదేళ్లు చిన్నది. మొదటి వారంలోనే నాకు 'ఫౌజీ అక్క' అని పేరు పెట్టింది. మూడో సంవత్సరం సీనియర్ ఒకతను ఉండేవాడు. అతని జేబులో ఎప్పుడూ చక్కెర బిళ్లలు.

"గిదే మన లంచ్ అక్కా," అన్నాడు. "అలవాటైతది."

"మా లంగర్‌లో కుక్కలకు కూడా వేళకి పెట్టేవాళ్లు," అన్నాను. లంగర్ అంటే మా పటాలం వంటిల్లు.

"గీడ కుక్కలకున్న కదర్ మనకు లేదు," అని బిళ్ల చప్పరిస్తూ వెళ్లిపోయాడు.

ఆగస్టు. ముసురు పట్టి వార్డంతా తడి బట్టల వాసన. ఒంటిగంట దాటింది. చీఫ్ పదకొండో మంచం దగ్గర ఆగి, పొటాషియం ఎంత అని నా జోడీని అడిగారు. ఆమె ఏడో మంచం పేషంట్‌ది చెప్పింది. మళ్లీ అడిగారు. మళ్లీ అదే అంకె. మాట ముద్దగా వస్తోంది. ఫ్యాను కింద నిలబడి ఉన్నా నుదుటి మీంచి చెమట కారుతోంది.

"చదవకుండా వస్తే ఇలాగే ఉంటుంది," అన్నారు చీఫ్.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. ట్రాలీ మీదున్న షుగర్ మిషన్ అందుకున్నాను.

"రౌండ్స్ అయ్యాక చూడండి, డాక్టర్."

నేను ఆగలేదు. వేలికి సూది గుచ్చాను. నలభై నాలుగు. డెబ్బైకి తగ్గకూడదు. అంకె చూసి ఇన్‌ఛార్జ్ సిస్టర్ అప్పటికే గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపేస్తోంది. నా జోడీ నేల మీదే కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. పదకొండో మంచం మీది పెద్దాయన, ఫ్యాక్టరీలో వాచ్‌మన్, తన అరటిపండు ఒలిచి కిందికి చాచాడు.

"తిను బిడ్డా. మీరు గూడ మనుషులే గద."

చీఫ్ పన్నెండో మంచానికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం దుప్పట్ల గదిలో ఆమె నాకు నిజం చెప్పింది. పదకొండేళ్ల వయసు నుంచి షుగర్. పొద్దున ఇన్సులిన్ వేసుకుంటే మధ్యాహ్నం వేళకి తినాల్సిందే.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటరో నాకు ఎర్కలేదా అక్కా? గీ పిల్లకు శాతగాదు, సీటెందుకిచ్చిన్రు అంటరు. నువ్వు గూడ ఎవ్వలకు జెప్పకు. ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. దాంతో ఒక దారి మూసుకుపోయింది. ఆమె ఒక్కదానికి మినహాయింపు అడగలేను. ఇక మిగిలింది ఒకటే. అందరూ తినాలి.

మర్నాడు చీఫ్ గదికి వెళ్లాను. నిలబడే మాట్లాడాను.

"ఒంటిగంటకి ఒకరి తరవాత ఒకరం వెళ్లి తిని వస్తాం సార్. వార్డు ఖాళీగా ఉండదు."

"నేను పీజీ చేసేటప్పుడు రెండేసి రోజులు తినకుండా పనిచేశాను. ఏమైంది నాకు? ఇది ఆర్మీ కాదమ్మా."

"కాదు సార్. ఆర్మీలో మనుషుల్ని పస్తులుంచి డ్యూటీ చేయించే ఆఫీసర్‌ని పోస్టులో ఉంచరు."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. మధ్యాహ్నానికి ఆర్డర్ వచ్చింది. వానాకాలం ముగిసేదాకా నేను జ్వరాల వార్డులో ఉండాలి. సెలవులు రద్దు.

జ్వరాల వార్డంటే నాలుగో అంతస్తు. మంచాలు చాలక వరండాలో కూడా వేశారు. డెంగీ, టైఫాయిడ్. షిఫ్టు దిగి నేరుగా వచ్చిన ఫ్యాక్టరీ మనుషులు. వాళ్ల వెంట నారపల్లి, మౌలాలి నుంచి వచ్చిన చుట్టాలు. అక్కడికి పంపితే వంగుతాననుకున్నారు. నేను అక్కడే మొదలుపెట్టాను. జ్వరాల రద్దీకి నా జోడీని కూడా ఆ అంతస్తులోనే పక్క వార్డులో వేశారు, చీఫ్ రౌండ్స్ అక్కడికి వచ్చేవి కావు. సైన్యంలో కాపలా మారేదాకా మనిషి కదలడు. తరవాతివాడు వచ్చి కాపలా అందుకున్నాకే మొదటివాడు తిండికి పోతాడు. మేమూ అంతే. ఫోన్‌లో మా మాటలు ఇలా ఉండేవి.

"నీ వార్డు నాది. పో."

"పోతున్న అక్కా. నాలుగో మంచం బీపీ జూడు."

"చూస్తా. ఏం తెచ్చుకున్నావ్?"

"పప్పన్నం. అమ్మ పంపిన మామిడి తొక్కు గూడ ఉంది."

"కూర్చొని తిను. నిలబడి కాదు."

నిద్రకి కూడా ఒక చోటు సంపాదించాం. దుప్పట్ల గది తాళం ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గర ఉండేది. మల్లాపూర్ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే మనిషి. ఒకరోజు తాళం నా అరచేతిలో పెట్టింది.

"నిద్ర మత్తుల మీరు రాసిన డోసులు సరిజేసుడు నావల్ల గాదమ్మా. జరసేపు పండుకోన్రి. ఎవలన్న వస్తే నేను లేపుత."

రాత్రి డ్యూటీ చేసినవాళ్లం మధ్యాహ్నం కాసేపు ఆ గదిలో, ఉతికిన దుప్పట్ల కట్టల మధ్య ఒరిగేవాళ్లం. సబ్బు వాసన. బయట వాన. ఆఫీసర్ల మెస్‌లో కూడా అంత మంచి నిద్ర పోలేదు నేను.

సీనియర్ మాత్రం దూరంగానే ఉన్నాడు. "నా థీసిస్ మీద ఆయన సంతకం గావాలె. నన్ను ఇందులకు గుంజకు అక్కా," అన్నాడు. నేను గుంజలేదు.

వానలు తగ్గాయి. మా ఇద్దరినీ మళ్లీ ఐదో అంతస్తుకు పిలిచారు. మొదటి రోజు రౌండ్స్‌లో, ఒంటిగంట దగ్గరపడుతుంటే చీఫ్ చేతి గడియారం చూసుకుని అందరికీ వినపడేలా అన్నారు.

"ఈ గుంపులోంచి ఎవరైనా కదిలితే ఇక నా రౌండ్స్‌కి రానక్కర్లేదు. అర్థమైందా?"

ఎవరూ కదల్లేదు. నేను నోరు తెరవబోయాను. నాకన్నా ముందు నా జోడీ ఒక అడుగు ముందుకు వేసింది. మాట తడబడలేదు.

"సార్, నాకు చిన్నప్పటి సంది షుగర్ ఉంది. ఇన్సులిన్ మీద బతుకుతున్న. ఇంతకాలం దాచిన. ఇగ దాయ. ఇప్పుడు నేను తినాలె. తినొస్త సార్."

చేతిలోని ఫైళ్లు ఎవరికివ్వాలా అని చూసింది. సీనియర్ చేతులు చాచాడు. జేబులో చక్కెర బిళ్లల మనిషి.

"నాకియ్యి. నువ్వు పో," అన్నాడు. తరవాత చీఫ్ వైపు తిరిగాడు. "ఆమె వచ్చినంక నేను పోత సార్. నా తర్వాత అక్క పోతది."

ఆమె నడుచుకుంటూ వెళ్లింది. పరుగెత్తలేదు, తల దించలేదు. వార్డు తలుపు దగ్గర ఇన్‌ఛార్జ్ సిస్టర్ రెక్క తెరిచి పట్టుకుని నిలబడింది. మంచాల మీది వాళ్లు కూడా చూస్తున్నారు. చీఫ్ అందరినీ ఒకసారి చూసి తరవాతి మంచం దగ్గరికి నడిచారు. "ఈయన ఎక్స్‌రే ఏదీ?" అని అడిగారు. సీనియర్ తీసిచ్చాడు.

అంతే. ఆయన సరే అనలేదు. వద్దని మళ్లీ ఎప్పుడూ అనలేదు. సీనియర్ థీసిస్ మీద నెల ఆలస్యంగా సంతకం పెట్టారు. నా సెలవులు చివరిదాకా కోస్తూనే ఉన్నారు. ఆఖరి పరీక్షకు ముందు వార్డులో నిలబెట్టి అందరికన్నా కఠినమైన కేసు నాకే ఇచ్చారు. జబ్బు కరెక్టుగా చెప్పాను. కడుపు నిండా తిని వచ్చి చెప్పాను.

మరుసటేడు కొత్తగా చేరినవాళ్లకి ఎవరూ ఈ కథ చెప్పలేదు. ఒంటిగంటకి తిండికి పోవాలని మాత్రం చెప్పారు. అది ఆస్పత్రి కట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతే అనుకున్నారు వాళ్లు. నాకు అంతకన్నా పెద్ద పతకం అక్కర్లేదు. నా జోడీ ఇప్పుడు ఒక జిల్లా దవాఖానాలో డాక్టర్. తన కింద పనిచేసేవాళ్లని "తిన్నవా?" అని అడగకుండా పని చెప్పదట.

చివరి రోజు. మే నెల. నాలుగు గంటలు కావస్తోంది. అందరికీ చెప్పేసి, తమ్ముడు బండి పెట్టిన చోటికని కింది పార్కింగ్‌లోకి దిగాను. వెలుతురు తక్కువ. మూలన ఒక తెల్లకారు. అద్దాలు ఎత్తి ఉన్నాయి. లోపల స్టీరింగ్ మీదికి వంగి ఎవరో ఉన్నారు. గుండెనొప్పేమోనని గబగబా దగ్గరికి వెళ్లాను.

చీఫ్. ఒళ్లో స్టీలు డబ్బా. అందులో పెరుగన్నం. ఎవరైనా చూస్తారేమో అన్నట్టు తల దించుకుని, నమలకుండా పెద్ద పెద్ద ముద్దలు మింగుతున్నారు. నా నీడ అద్దం మీద పడగానే తలెత్తారు. చటుక్కున డబ్బా మీద మూత పెట్టి, దాని మీద చెయ్యి అదిమిపెట్టారు. మీసానికి ఒక మెతుకు అంటుకుని ఉంది.

"తినండి సార్," అన్నాను అద్దంలోంచి.

వినిపించిందో లేదో తెలియదు. మూత తియ్యలేదు. నేను అక్కడి నుంచి కదిలితేనే తింటారని అర్థమై, బండి దగ్గరికి నడిచాను.

ఇంటికి వచ్చాను. చాలా కాలమే అయింది. మంచు మర్చిపోయాను, తుపాకుల మోత మర్చిపోయాను. మూత మీద అదిమిన ఆ చెయ్యి మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది.