రెండు బల్లల మధ్య మా చిన్నమ్మ

మా చిన్నమ్మ కృపమణి కల్లూరులో మిరపకాయల గోదాములో తొడిమలు తీస్తుంది. నెమ్మదిగా మాట్లాడటం ఆమెకు తెలియదు.

ఈ ఏడు ఆమె కూతురు మహిమకు లాటరీలో ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి ఉచిత సీటు వచ్చింది. పేద పిల్లలకు ఇలా కొన్ని సీట్లు ఇవ్వాలని సర్కారు నియమం. బడివాళ్లు మాత్రం మీ ఇల్లు ఈ వార్డులోనే ఉన్నట్టు ఖాయం కాలేదు, చేర్చుకోలేమన్నారు. విద్యాశాఖను అడిగితే, ఖాయం చేయాల్సింది వార్డు ఆఫీసన్నారు. వార్డు ఆఫీసువాళ్లు, విద్యాశాఖ అడిగితేనే చెబుతామన్నారు. బళ్లు తెరిచి నెలయింది. సీటు గడువు ఆ వారంతో ముగుస్తుంది.

సోమవారం అర్జీలు తీసుకునే హాలుకు, తొమ్మిదో తరగతితో చదువాగిన నన్ను తోడు తీసుకుపోయింది. "నువ్వు మాట్లాడేది ఏం లేదులే, పక్కనుంటే చాలు," అంది.

అక్కడ శాఖకొక బల్ల. విద్యాశాఖ అధికారి ఎదురు బల్ల చూపించాడు. ఆ బల్ల దగ్గరి వార్డు అధికారి హనుమేష్ మళ్లీ ఇటే చూపించాడు.

చిన్నమ్మ రెండింటి మధ్యా ఆగిపోయి, కొంగు తలమీదికి లాక్కుంది. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేస్తే అలాగే చేస్తుంది.

"ప్రభువుకు స్తోత్రం," అంది గట్టిగా.

ఎవరో నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"ఇది చర్చి కాదమ్మా," అన్నాడు హనుమేష్.

"తెలుసప్పా. ఆడ సాక్ష్యం చెప్తాంటే ఎవురూ అడ్డం రారు. నువ్వూ రావాకు. ఆ సారు నిన్ను చూపిస్తాండాడు, నువ్వు ఆ సారును చూపిస్తాండావు. ఇద్దరికీ జీతమిచ్చేది ఒగటే సర్కారు గదా. నెలనుంచి నేనే తిరిగినా. ఇంక తిరగను. మీలో ఒగరు లేసి రాండి."

"పక్కకు జరుగమ్మా, వెనక జనం ఉన్నారు," అన్నాడు విద్యాశాఖ అధికారి.

"వాళ్లదీ ఇదే కతేమో అడుగు సార్."

"మాదీ అదే. నువ్వు కానీమ్మా," అన్నాడు వరుసలోని ముసలాయన. ఈసారి నవ్వినవాళ్లు చిన్నమ్మను చూసి నవ్వలేదు.

హనుమేష్ ట్యాబ్ పట్టుకుని లేచి, విద్యాశాఖ బల్ల దగ్గరికి నడిచాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకున్నారు. టీ తాగేంత సేపట్లో ఇల్లు ఖాయమైంది.

"బడికి చెబుతాం, వెళ్లు," అన్నాడు విద్యాశాఖ అధికారి.

"ఇప్పుడే ఫోన్ చెయ్యి సార్. నేనూ ఇంటా."

చేశాడు.

మర్నాడు బడిలో హెడ్‌మేడం మహిమను చూసి, "వెనక బెంచీలో ఖాళీ ఉంది, కూర్చోపెట్టండి," అంది.

చిన్నమ్మ గదిలోకి తొంగిచూసింది. "ముందుదాంట్లో కూడా ఉండాది మేడం," అని, బిడ్డ అక్కడ కూర్చునేదాకా గుమ్మం వదల్లేదు.