చెరిపేసిన పాస్‌వర్డ్

దయ్యాలూ గియ్యాలూ నేను ఏనాడూ నమ్మలేదు. మా అవ్వ దిష్టి తీయబోతే పక్కకు జరిగేవాణ్ణి. పదహారేళ్లుగా నాది కంప్యూటర్ల పని. ఏం జరిగినా అందులో ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. ఈ ఒక్కటి మాత్రం ఎక్కడా రాసి లేదు.

ధర్మవరంలో ఒక పట్టుచీరల సావుకారు దగ్గర పనిచేస్తాను. మగ్గాలెక్కే అంచుల డిజైన్లన్నీ అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లో ఉంటాయి. దాని డిస్కుకు ఎన్‌క్రిప్షన్ ఉంది. అంటే సర్వర్ ఆగి మళ్లీ లేచేటప్పుడల్లా ముందు పాస్‌వర్డ్ అడుగుతుంది. కొట్టకపోతే అక్కడే మొండికేస్తుంది.

ఆ ఏర్పాటు చేసింది రమణ. మడకశిర పక్క గొర్రెలు కాసే ఇంటివాడు, నాకంటే పదేళ్లు చిన్న. సావుకారుకు లేస్తే రమణ, కూర్చుంటే రమణ. "వాన్ని చూసి నేర్చుకోప్పా" అని నలుగురి ముందూ అనేవాడు. నాకు కడుపు మండిపోయేది. దాపరికం దేనికి, అసూయే. రమణ ఆ పాస్‌వర్డ్ మొదటిసారి ఎప్పుడూ తప్పు కొట్టేవాడు, రెండోసారికి సరిపోయేది. వాడిలో నాకు నచ్చింది అదొక్కటే.

వాడు బత్తలపల్లెకు పెళ్లికి పోయిన రోజు, ఎవరికీ చెప్పకుండా వాడి పాస్‌వర్డ్ చెరిపేశాను. దాని బదులు నాదొకటి పెట్టాను. ఇక సర్వర్ లేవాలంటే నన్నే పిలవాలి! కానీ నాది గుర్తుపెట్టుకునే మాట కాదు, పేజీడు అక్షరాల ఫైలు. దాన్ని ఆ డిస్కులోనే దాచాను. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తలుపేసినట్టు.

వారానికి అప్‌డేట్ వేస్తే సర్వర్ ఆగింది, మళ్లీ లేవలేదు. డిస్కు విడదీసి ఇంకో సర్వర్‌కు తగిలించాను. అక్కడా పాస్‌వర్డే అడిగింది. డిజైన్ల కాపీలూ ఆ డిస్కులోనే ఉన్నాయి. రమణకు ఆ పొద్దునే అనంతపురంలో అపెండిక్స్ ఆపరేషన్. వాడున్నా ఏం లాభం, వాడి పాస్‌వర్డ్ లేదు కదా.

"మా నాయన కాలం డిజైన్లప్పా అవి. పోతే నా కొంప మునుగుతాది" అని సావుకారు తల పట్టుకుని బయటికి పోయాడు.

పదకొండున్నరకు డిస్కును మళ్లీ పాత సర్వర్‌కే తగిలించి లేపాను. పాస్‌వర్డ్ అడిగింది. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఎవరో పాస్‌వర్డ్ కొడుతున్నట్టు తెర మీద చుక్కలు పడసాగాయి, ఒక్కొక్కటే. తప్పు అని వచ్చింది. కాస్త ఆగి మళ్లీ చుక్కలు. సర్వర్ లేచింది.

"గట్టోడివప్పా! రమణ లేకున్నా చేసినావే!" అని సావుకారు తిరిగొచ్చి భుజం తట్టాడు. పదహారేళ్లలో అదే మొదటిసారి.

తర్వాత అన్నీ వెతికాను. డిస్కును తెరిచే పాస్‌వర్డ్‌గా ఉన్నది నా ఫైలొక్కటే. ఆ సమయంలో సర్వర్‌లోకి వచ్చిన మనిషినీ నేనొక్కణ్ణే.

సాయంత్రం ఆసుపత్రికి పోయాను. పదకొండు నుంచి పన్నెండు దాకా థియేటర్‌లో ఒళ్లు తెలియకుండా ఉన్నాడని వాళ్లమ్మ చెప్పింది. రమణ కళ్లు సగం తెరిచి నన్ను చూసి నవ్వాడు.

"మొదటిసారి తప్పే కొట్టినానన్నా" అన్నాడు. కాసేపటికి, "నా పాస్‌వర్డ్ ఎందుకన్నా చెరిపేసినావు?" అన్నాడు.

మర్నాడు అడిగితే ఆ మాటలేవీ గుర్తులేవన్నాడు. ఆ చుక్కలు ఎవరు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. సావుకారు మాత్రం ఆ రోజు సంగతి నలుగురికీ చెప్పి నన్ను మెచ్చుకుంటూనే ఉంటాడు. పదహారేళ్లకు దక్కిన ఆ ఒక్క మెప్పూ రమణదే. పక్కనే కూర్చుని వాడు నవ్వుతుంటే ఇంకా కడుపు మండుతుంది.