మేము ఊడ్చిన అడవి తొవ్వ

మా వాడలో ఆడవాళ్ళందరం బీడీలు చుట్టేవాళ్ళమే. చాట ఒళ్ళో పెట్టుకుని ఏడాదంతా కూర్చునే బతుకు. నడక మాకు ఏడాదికి ఒక్కసారి, శివరాత్రికి ముందు, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి మీదుగా వేములవాడ దాకా. దేవుడి కోసం పోతున్నామని ఇంట్లో చెప్తాం. దేవుడి కోసమే పోతాం కూడా. కానీ వండే పని, చుట్టే పని, ఎవరో పిలిస్తే పలికే పని లేకుండా కొన్నాళ్ళు ఆకాశం కింద తిరగడం కూడా ఆయన ఇచ్చిన ప్రసాదమేనని నా లెక్క. ఆ మాట మా ఆయన ముందు అనను.

నేను పదో తరగతి దాకా చదివాను కాబట్టి నడక ఏర్పాట్లన్నీ నా నెత్తిన పెట్టారు. మగవాళ్ళ నడకకు తిండి, పడక చూసుకుంటే సరిపోతుంది. ఆడవాళ్ళ నడకకు అన్నిటికన్నా ముందు చూడాల్సింది చెట్టు చాటు. ఎక్కడ పొదలు దట్టంగా ఉన్నాయి, ఏ ఊళ్ళో బోరు దగ్గర స్నానం చేయనిస్తారు, ఏ బడి వరండాలో పడుకుంటే తాగుబోతులు రారు, ఇవన్నీ తేలాకే అటుకులూ బెల్లం మూటగట్టడం. తర్వాత మేం అడవిలో నడవాలనుకున్నదీ ఆ పొద కోసమే. రోడ్డు మీద పొద ఉండదు. అందుకే అంతకుముందు రోడ్డున పోయినన్నాళ్ళూ తెల్లవారకముందే లేచి, చీకట్లోనే పనులు ముగించుకుని నడక మొదలుపెట్టేవాళ్ళం.

ఆ చీకట్లోనే కామారెడ్డి రోడ్డు మీద ఒక ఇసుక లారీ నా యారాలిని, అంటే మా మరిది భార్యను, కొట్టేసి పోయింది. ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు. కొడుక్కు ఫిట్స్ తగ్గితే నడిచి వస్తానని మొక్కుకుని, పసుపు గుడ్డలో బియ్యం, రూపాయి బిళ్ళ కట్టి నడుముకు చుట్టుకున్న ముడుపు ఆ రోజు ఆమెతోపాటే ఆసుపత్రికి వెళ్ళింది. ఇంటికి వచ్చాక ఆమె మళ్ళీ చాట పట్టుకుంది. ఆమె ముందు నుంచి రెండు కాళ్ళతో నడిచిపోవాలంటే నాకు సిగ్గుగా ఉండేది.

ఇక రోడ్డున పోయేది లేదని మొండికేశాను. లింగంపేట వైపు అడవిలో పాత కాలిబాట ఒకటి ఉంది. ఎండాకాలం తునికాకు తెంపేవాళ్ళు, మేకల వాళ్ళు నడిచినదే. సర్కారు తుమ్మ కమ్మేసి సగం మాయమైంది. ఫారెస్టు సారు దగ్గరికి ఎన్నిసార్లు తిరిగానో. ఆయన చెడ్డవాడేం కాదు. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నాడు. పొయ్యి వెలిగించొద్దు, చెట్లకు గుడ్డలు కట్టొద్దు, ఒక్క ప్లాస్టిక్ కవరు కూడా కనబడొద్దు అన్నాడు.

"కనబడిందా, అడ్డంగ కందకం కొట్టిస్త. మనిషే కాదు, మేక గూడ దాటది" అన్నాడు.

సరే అన్నాను. ఎందుకు అననూ, అప్పటికి నాకు మనుషుల మీద నమ్మకం ఉండేది.

రోజూ పొద్దున పూట చుట్టే పని ఆపుకుని తొవ్వ బాగుచేశాం. కొడవళ్ళతో తుమ్మ కొమ్మలు కొట్టాం. రాళ్ళు పక్కకు దొర్లించాం. మాది ఒట్టి కాళ్ళ మొక్కు, కాబట్టి ఈత చీపుర్లతో ముళ్ళూ ఊడ్చాం. చెట్లను ముట్టుకోకుండా, మలుపు దగ్గరల్లా రాళ్ళ మీద సున్నం బొట్లు పెట్టాం. ఇంటి ముంగిలి ఊడ్వనిది అడవి ఊడుస్తోందని మా ఆయన ఊరంతా చెప్పి నవ్వించాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆ నవ్వుతోపాటు తొవ్వ సంగతి కూడా ఊరు దాటింది. చల్లటి తొవ్వ పడిందట, లారీల బాధ లేదట అని గాంధారి దాకా పాకింది.

కామారెడ్డిలో ఇనుప సామాన్ల దుకాణం ఆయనకు ఒక మొక్కు ఉంది. నడిచేవాళ్ళకు ఒక పూట అన్నం పెట్టాలని. ఈసారి ఆ అన్నం మా అడవి తొవ్వలోనే పెడతాడని తెలిసింది. బస్సెక్కి పోయి, మేకుల డబ్బాల మధ్య నిలబడి చేతులు జోడించాను. అడవిలో వద్దు, అడవి దాటాక ఊళ్ళో పెట్టండి, మోదుగు విస్తర్లు మేమే కుట్టి తెస్తాం అన్నాను. చాయ్ తెప్పించాడు. అట్లే కానీ తల్లీ అన్నాడు.

నడక రోజు నా యారాలు తన ముడుపు తెచ్చి నా నడుముకు తనే కట్టింది.

పొద్దెక్కేసరికి అడవి మధ్యలో వాగు దగ్గరికి చేరాం. దూరం నుంచే పాటల మోత వినబడింది. అవతలి తండా నుంచి బండ్ల బాట ఒకటి ఆ వాగు దాకా వస్తుంది. దాని మీదుగా ట్రాలీ ఆటో తెచ్చి, గంగాళాల నిండా పులిహోర, గుట్టలుగా థర్మకోల్ పళ్ళేలు, బస్తాల కొద్దీ నీళ్ళ ప్యాకెట్లు దింపాడు ఆ దుకాణం ఆయన. మా వాడ వాళ్ళే కాదు, నేనెన్నడూ చూడని ఊళ్ళ జనం వందలమంది తిని, అక్కడే పళ్ళెం వదిలి, ప్యాకెట్టు మూల కొరికి నీళ్ళు తాగి విసిరేసి పోతున్నారు. మాఘమాసం గాలి ఆ పళ్ళేలను లేపి పొదల్లోకి తోస్తోంది.

నేను ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. ఆయనే నవ్వుతూ నాకూ ఒక పళ్ళెం అందించాడు.

"ఊర్ల పెడితె ఊరోళ్ళే తినిపోతరు తల్లి. నడిచేటోళ్ళ నోట్లెకు పోతెనే నా మొక్కు చెల్లుతది" అన్నాడు.

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు అంటారు. ఆ మనిషిని తిట్టడానికి నాకు ఒక్క తిట్టూ దొరకలేదు. తన చేతులతో వడ్డిస్తున్నాడు, చెమటలు కారుతున్నాయి, కళ్ళల్లో నీళ్ళున్నాయి. గంగాళాలు ఖాళీ కాగానే దండం పెట్టి, ట్రాలీ ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను గోనె సంచులు తీసి మా వాళ్ళను పిలిచాను. ఒక్కరూ కదల్లేదు. అవన్నీ ఎవరివో తెలియని ఎంగిలి పళ్ళేలు. నడుముకు దేవుడి ముడుపు ఉండగా ఎంగిలి ముట్టుకుంటే మొక్కు మైలపడుతుంది. ఇంత దూరం ఒట్టి కాళ్ళతో నడిచింది మట్టిలో కలుస్తుంది. ఎవరి ముడుపు వెనుక ఎవరి బాధ ఉందో నాకు తెలుసు. వాళ్ళను బలవంతం చేయడానికి నోరెట్లా వస్తుంది? ఇది కాసేపు పట్టుకోమని నా నడుముకున్న ముడుపు చూపించాను. ఒకరిది ఒకరు మోయడమే ఎక్కువ, రెండోసారి చెయ్యి మారితే దేవుడు పలకడని పెద్దామె ఒకరు మెల్లగా చెప్పారు. తల వంచుకుని అందరూ వాగు దాటారు. చెట్టుకు కడదామంటే కొమ్మల నిండా కోతులు.

ముడుపు నడుము నుంచి విప్పి నెత్తి మీద పెట్టుకుని, చేతులకు అందకుండా కొంగు గట్టిగా చుట్టాను. ఏరడం మొదలుపెట్టాను. ఒక పొద ఖాళీ చేసేలోపు గాలి ఇంకో పొద నింపేది. ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చాను, వినేవాళ్ళెవరున్నారక్కడ. తుమ్మ ముళ్ళల్లో ఇరుక్కున్న పళ్ళెం కోసం వంగినప్పుడు కొంగు జారింది. ముడుపు పోయి ఎంగిలి పులిహోరలో పడింది.

నా యారాలి కొడుకు గుర్తొచ్చాడు. వాడికి ఫిట్స్ వచ్చినప్పుడు పళ్ళ మధ్య గుడ్డ పెట్టబోయి కరిపించుకున్న వాళ్ళమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. ఎంగిలి చేతితోనే ముడుపు తీశాను. వాగులో కడిగాను. పసుపు గుడ్డకు పసుపన్నం అంటితే మరక కనబడదు, ఎవరికీ తెలియదు. తడి ముడుపు నడుముకు కట్టుకుని మళ్ళీ ఏరాను.

పొద్దు వాలుతుండగా ఫారెస్టు సారు బండి మీద వచ్చాడు. నిండిన సంచులు చూశాడు. వాగు అవతల కొమ్మలకు ఇంకా వేలాడుతున్న ప్యాకెట్లూ చూశాడు. నేను ఆయన కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగాడు.

"నీ మీద కోపం లేదమ్మా. వచ్చే ఏడు ఇంకింతమంది వస్తరు. నువ్వొక్కదానివి ఎంతమంది ఎంగిలి ఎత్తుతవ్?" అన్నాడు.

జాతర అయిపోయిన వారానికే జేసీబీ వచ్చి తొవ్వ మొదట్లో కందకం కొట్టింది. నేను పోయి చూశాను. లోతు నా ఎత్తుకు మించి ఉంది.

ముడుపు మాత్రం వేములవాడలో చెల్లించాను. ఎంగిలి సంగతి ఇంటికొచ్చాక కొన్నాళ్ళు దాచాను. కందకం చూసి వచ్చిన రోజు నా యారాలి పక్కన కూర్చుని అంతా చెప్పాను. ముడుపు ఎంగిలిలో పడిందని, ఎంగిలి చేతితోనే తీశానని. ఆమె చుట్టడం ఆపలేదు.

"దేవుని సంగతి దేవుడు చూసుకుంటడు అక్కా. తొవ్వ ఉన్నదా పోయిందా, అది చెప్పు."

"పోయింది" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. చాట పక్కకు పెట్టింది.

"అయితే నువ్వు గూడ పోకు. ఈ ఇంట్ల నడిచే ఆడిదానివి నువ్వొక్కదానివే మిగిలినవ్."

ఇంకో తొవ్వ వెతుకు అంటుందని అనుకున్నాను. ఆ ఒక్క మాట అంటే మళ్ళీ కొడవలి పట్టేదాన్ని. అనలేదు. ఏడాదంతా ఇద్దరం ఆ సంగతి ఎత్తకుండా బీడీలు చుట్టాం.

ఈసారి మా వాళ్ళు నన్ను ఏమీ అడగలేదు. రోడ్డు మీదే పోతున్నారు. ఇవాళ తెల్లవారకముందు మా గుమ్మం ముందు నుంచి వాళ్ళ కాళ్ళ చప్పుడు వినబడింది. లేచి తలుపు దాకా పోయాను, తలుపు మాత్రం తీయలేదు. లింగంపేట చేరగానే ఫోన్ చేస్తామని నిన్న ఒకామె మాటిచ్చింది. పొద్దు నడినెత్తికొచ్చింది. నా యారాలు పొద్దుటి నుంచి ఒక్క బీడీ చుట్టలేదు, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరికే ఉండలేక నేనిది రాస్తున్నాను. ఇంకా ఫోన్ రాలేదు.