కాగితం మీది మూడేళ్లు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరమ్మ అంటారు. ముప్పై ఏడేళ్లుగా తడి దుప్పట్లను వేడి రోలర్లకు అందిస్తోంది. కుడి చెయ్యి ఇప్పుడు భుజం దాటి పైకి లేవదు. జడ వేసుకోలేక జుట్టు కత్తిరించుకుంది.

"సినిమా స్టారులా ఉన్నావు పిన్నీ," అంది పక్క మిషను అమ్మాయి.

"నీ కళ్లకు ఆవిరి పట్టిందే. తుడుచుకో."

ఆమెకు అరవై నిండాయి. కాగితాల్లో యాభై ఏడు. అప్పట్లో ఇరవై దాటినవాళ్లను పనిలోకి తీసుకునేవారు కాదు. దరఖాస్తు నింపిన అన్నయ్య, ఇరవై మూడును ఇరవై చేశాడు. ఆ లాండ్రీలో సగం మంది వయసులు అలా రాసినవే.

అరవైకి పెన్షను. ఇంకో మూడేళ్లు ఎలాగో లాగేద్దామనుకుంది. ఇంతలో కొత్త చట్టం వచ్చింది. యాభై ఎనిమిది నిండినవాళ్లకు పాత పద్ధతే. తక్కినవాళ్లు అరవై ఐదు దాకా పనిచేయాలి.

అన్నయ్యను తోడు తీసుకుని పెన్షను ఆఫీసుకు వెళ్లింది.

"ముసలివాళ్లు పెరిగిపోయారమ్మా," అన్నాడు గుమాస్తా. "పనిచేసేవాళ్లు తగ్గారు. అందరికీ ఎక్కణ్ణించి తెచ్చిపెడతారు?"

"నేనూ ముసలిదాన్నేగా బాబూ."

"కాగితంలో కాదుగా."

ఆమె కిటికీకి దగ్గరగా వంగి, జరిగింది చెప్పింది. అతను కలం కింద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు.

"నాతో అన్నారు, సరే. రాసిచ్చారో, ఆ ఉద్యోగమే చెల్లదంటారు. ముప్పై ఏడేళ్లూ నీళ్లపాలు. పెన్షనే ఉండదు."

"చెయ్యి లేవడం లేదు. డాక్టరు రాసిస్తే?"

"రెండు చేతులూ పడిపోతే చూస్తారు."

అతని గొంతులో కాఠిన్యం లేదు. వరసలో వెనక మనిషి ముందుకు జరిగాడు. ఆమె పక్కకు తప్పుకుంది.

మెట్ల మీద అన్నయ్య ఆగిపోయాడు. అతనికి డెబ్బై.

"రాసింది నేను. తప్పు నాదని చెప్పొస్తాను."

"చెప్పి? ఉన్నది కూడా ఊడగొడతావా?"

"నీ మంచికేనమ్మా రాశాను."

"తెలుసు. పద, రెండింటి షిఫ్టు."

లాండ్రీ గేటు దాకా ఆమె సంచి అతనే మోశాడు. కాపలావాడు అతన్ని లోపలికి రానివ్వలేదు. ఆమె సంచి తీసుకుని లోపలికి నడిచింది. తడి దుప్పట్ల బండి నిండుగా ఉంది. పై దుప్పటిని ఎడమ చేత్తో పట్టుకుని, రెండో అంచును పళ్లతో బిగించి పట్టింది.